సుంకం ఎంతో, దారి ఎటో ముందే చెప్పాలి

మన సంఘం ప్రత్యేక సంచికకు ఏదైనా రాసి ఇవ్వమని కార్యదర్శి గారు కబురు చేసినప్పుడు మొదట వెనకాడాను. నేను రచయితను కాను. 1974లో కస్టమ్స్ శాఖలో గుమాస్తాగా చేరి 2011లో రిటైరైన వాణ్ణి. ఆ ముప్పై ఏడేళ్లలో నా పదవి పేరు రెండుసార్లు మారింది కాని పని మారలేదు. వచ్చిన కాగితాలు సరిచూడడం, నంబరు వేయడం, తప్పుంటే వెనక్కి పంపడం, తప్పు లేకపోతే "పుటప్ ఫర్ ఆర్డర్స్" అని రాసి పైకి పంపడం. ఇంతే. అయినా, దేశం సరుకు సరిహద్దు దాటే పద్ధతి నా కళ్ల ముందే మారిపోయింది. ఆ మార్పుకి వెనక చాలా పెద్ద చరిత్ర ఉంది. అందులో మన తెలుగు రేవుల పాత్ర కూడా ఉంది. అది మన పిల్లలకి తెలియాలనీ, దానితోపాటు నా మనసులో నలభై ఏళ్లుగా ఉన్న ఒక విషయం చెప్పుకోవాలనీ ఈ నాలుగు మాటలు రాస్తున్నాను.

ముందు ఆ విషయమే చెప్పేస్తాను.

1982లో నేనొక రేవు కార్యాలయంలో ఎగుమతుల సెక్షన్‌లో పనిచేస్తున్నాను. దసరా సెలవులు మర్నాటి నుంచి మొదలు. మధ్యాహ్నం మూడు దాటాక గోదావరి జిల్లా నుంచి ఒక పెద్దాయన చేతిసంచీతో వచ్చారు. నరసాపురం చుట్టుపక్కల పల్లెల్లో ఆడవాళ్లు ఇళ్లలో కూర్చుని అల్లే లేసు ఆయన సరుకు. క్రిస్మస్ అమ్మకాలకి విదేశం చేరాలి. ఓడ సెలవుల్లోనే బయల్దేరుతుంది. షిప్పింగ్ బిల్లు తిరగేశాను. అందులో పెట్టెలు 63 అని ఉంది. ప్యాకింగ్ లిస్టులో 36 అని ఉంది. బరువు, విలువ అన్ని కాగితాల్లోనూ ఒక్కటే. అంటే టైపు చేసినవాడు అంకెలు తిప్పి కొట్టాడని చంటిపిల్లవాడికైనా తెలుస్తుంది. నాకూ తెలిసింది. అయినా "అంకెల్లో తేడా ఉన్నది" అని ఎర్రసిరాతో రాసి వెనక్కి ఇచ్చేశాను.

ఆ పెద్దాయన కోప్పడలేదు. "తప్పు మాదేనండి. కాని ఈ తప్పు దిద్దుకునే దారి ఎటో కాస్త చెప్పండి గుమాస్తా గారూ" అన్నారు.

దారి ఉంది. 1962 కస్టమ్స్ చట్టంలో 149వ సెక్షన్ అందుకే ఉంది. దాఖలు చేసిన కాగితంలో సవరణకి అధికారి అనుమతి ఇవ్వవచ్చు. ఒక అర్జీ, ఒక సంతకం చాలు. మా అధికారి క్యాంపులో ఉన్నారు. పక్క సెక్షన్ అధికారి సీట్లోనే ఉన్నారు, నేను లేచి నాలుగు అడుగులు వేసి అడిగితే పని జరిగేదేమో. నేను లేవలేదు. "మీ ఏజెంటు గారిని అడగండి" అని చెప్పి తరువాతి కాగితం అందుకున్నాను. ఓడ వెళ్లిపోయింది. ఆ దేశానికి మళ్లీ ఓడ మూడు వారాలకి గాని లేదు. పండగ దాటాక చేరిన సరుకుని కొనేవాడు ధర తెగ్గోసి తీసుకున్నాడట. మరుసటేడు ఇంకో సరుకు కాగితాలతో వచ్చినప్పుడు ఆయనే చెప్పారు, "సంక్రాంతికి ఇస్తానన్న కూలి ఆ ఆడవాళ్లకి ఉగాదికి కూడా పూర్తిగా ఇవ్వలేకపోయానండి" అని. నిష్ఠూరంగా కాదు, మాటల సందర్భంలో అన్నారు. అందుకే నాకు మరీ గుచ్చుకుంది.

నేను లంచం అడగలేదు. రూలు తప్పలేదు. నా మీద ఏ మెమో రాలేదు. కాని ఎప్పుడూ చూడని కొందరు ఆడవాళ్ల కూలి నా ఎర్రసిరా కింద పడి నలిగింది. సరిహద్దు దగ్గర పద్ధతులు సరళం చేయడం అంటే ఏమిటో, దానివల్ల ఎవరికి మేలో నాకు ఆనాడే తెలిసింది. పెద్ద కంపెనీకి మూడు వారాల ఆలస్యం లెక్కలో ఒక పద్దు. చిన్నవాడికి అది పొయ్యిమీది ఎసరు.

మోటుపల్లి స్తంభం

రిటైరయ్యాక తీరిక దొరికి చరిత్ర పుస్తకాలు చదవడం మొదలుపెట్టాను. అప్పుడు తెలిసింది, ఆ పెద్దాయన అడిగిన ప్రశ్నకి మన తెలుగు రాజొకడు ఎప్పుడో జవాబు చెక్కించి పెట్టాడని.

ఇప్పటి బాపట్ల జిల్లాలో చినగంజాం దగ్గర మోటుపల్లి అనే ఊరుంది. ఇప్పుడది చిన్న పల్లె. కాకతీయుల కాలంలో పెద్ద రేవు. మార్కోపోలో తన యాత్రలో చెప్పిన "ముత్ఫిలి" ఇదేనని పండితులు అంటారు. అక్కడి వీరభద్రస్వామి ఆలయంలో గణపతిదేవ చక్రవర్తి వేయించిన శాసనస్తంభం ఉంది. శక సంవత్సరం 1166, అంటే మన లెక్కలో 1244–45. దీన్ని అభయశాసనం అంటారు. ఎవరికి అభయం? సముద్రం మీద వచ్చే వర్తకులకి.

అంతకు ముందు రాజులు ఏం చేసేవారో ఆ శాసనమే దాచకుండా చెబుతుంది. గాలివానకి దారి తప్పి ఒడ్డుకి కొట్టుకొచ్చిన ఓడల్లోని సరుకంతా బలవంతంగా లాగేసుకునేవారు. ధనం కోసం ప్రాణాన్ని పణంగా పెట్టి సముద్రం దాటి వచ్చినవాళ్ల మీద దయతో, కీర్తి కోసం, ధర్మం కోసం తాము నిర్ణీత సుంకం తప్ప మిగిలినదంతా వాళ్లకే వదిలిపెడుతున్నామని గణపతిదేవుడు ప్రకటించాడు. ఆ సుంకం ఎంతో కూడా చెప్పాడు. వచ్చే సరుకు మీద, పోయే సరుకు మీద ముప్పైకి ఒకటి. ఆ తరువాత చందనం, కర్పూరం, ముత్యాలు, పన్నీరు, దంతం, పట్టు, మిరియాలు, పోకలు, ఇలా సరుకు సరుకుకీ రేటు రాశారు.

దీన్ని చదివినప్పుడు గుమాస్తాగా నా దృష్టి రాజు దయ మీద పడలేదు. మూడు సంగతుల మీద పడింది. సుంకం ఇంతని ముందే నిర్ణయించారు. దాన్ని అధికారి పెట్టెలో దాచకుండా రాతి మీద చెక్కి నలుగురూ తిరిగే చోట నిలబెట్టారు. అంతకు మించి ఎవరూ ముట్టుకోరాదని రాజు తన మాటకి తానే కట్టుబడ్డాడు. ఓడ దిగిన వర్తకుడు గుమాస్తా ముఖం చూసి తన అదృష్టం తేల్చుకోవలసిన పనిలేదు, స్తంభం చూస్తే చాలు. ఆ తరువాత 1358లో కొండవీటి అనపోతారెడ్డి కూడా అదే మోటుపల్లిలో వర్తకులకి భరోసా ఇస్తూ శాసనం వేయించాడు. ఒక వంశం పోయి ఇంకో వంశం వచ్చినా రేవు బతకాలంటే ఈ మాట మళ్లీ చెప్పవలసిందేనని వాళ్లకి తెలుసు.

ముళ్లకంచె పాఠం

కంపెనీ దొరలు వచ్చాక ఈ తెలివి వెనక్కి పోయింది. సముద్రపు రేవుల్లోనే కాదు, దేశం లోపల ఊరికీ ఊరికీ మధ్య కూడా సుంకం చౌకీలు పెట్టారు. మద్రాసు రాజధానిలో దీన్ని సాయరు అనేవారు. నేత బట్ట, బెల్లం, పోకలు ఏవి కదిలినా చౌకీ దగ్గర ఆగాలి. బెంగాల్లో ఈ లోపలి సుంకాల వల్ల ప్రభుత్వానికి వచ్చేదానికంటే వర్తకానికి పోయేది ఎక్కువని చార్లెస్ ట్రెవెల్యన్ అనే ఉద్యోగి పెద్ద నివేదిక రాశాడు. 1836లో బెంగాల్లో వాటిని ఎత్తేశారు. మన కోస్తా, రాయలసీమ జిల్లాలు అప్పుడు మద్రాసు రాజధానిలోవి కదా, ఇక్కడ 1844 చట్టంతో పోయాయి.

ఉప్పు, పంచదారల మీద సుంకానికి మాత్రం ఉత్తరాన ఒక విచిత్రమైన ఏర్పాటు మిగిలింది. సింధునది నుంచి మహానది దాకా రెండు వేల మైళ్లకు పైగా పొడవున కస్టమ్స్ లైను గీశారు. చాలా భాగం ముళ్లకంచె. సుమారు 12,000 మంది కాపలా. తరువాత కాంగ్రెస్ స్థాపకుల్లో ఒకడైన ఎ.ఓ. హ్యూమ్ 1867 నుంచి 1870 వరకు ఈ శాఖకి కమిషనరుగా ఉండి కంచెను పెంచినవాడే. 2001లో రాయ్ మాక్సమ్ అనే ఆయన ఆ మరిచిపోయిన కంచె మీద ఒక పుస్తకమే రాశాడు.

1879లో ఆ లైను ఎత్తేశారు. ఎలా ఎత్తేశారన్నదే మనం గమనించాలి. ఉప్పు పన్ను మానేయలేదు. రాజస్థాన్‌లో సాంభర్ సరస్సు వంటి ఉప్పు పుట్టే చోట్లని ముందుగా తమ అధీనంలోకి తెచ్చుకున్నారు. రాష్ట్రాల మధ్య పన్ను రేట్ల తేడా తగ్గించారు. పన్ను పుట్టినచోటే వసూలైతే దారిలో కంచె దేనికి? ఉప్పు పన్ను అన్యాయమేనని గాంధీ గారు 1930లో దేశానికంతటికీ చూపించారు, అది వేరే కథ. పద్ధతికి సంబంధించినంతవరకు నేను నేర్చుకున్నది ఇది. తనిఖీని తీసేయడం సరళీకరణ కాదు, దాన్ని ఉండవలసిన చోటికి మార్చడం సరళీకరణ.

ఇదే పాఠం మన జీవితకాలంలో మళ్లీ చూశాం. ఇచ్ఛాపురం దగ్గరా, తడ దగ్గరా లారీలు బారులు తీరి నిలబడడం మనలో చాలామంది బస్సు కిటికీలోంచి చూసినవాళ్లమే. 2017 జూలై 1న జి.ఎస్.టి. వచ్చాక రాష్ట్రాల మధ్య అమ్మకపు పన్ను చెక్‌పోస్టులు పోయాయి. 2018 ఏప్రిల్ నుంచి దారిలో చూపడానికి ఈ-వే బిల్లు వచ్చింది. పన్ను ఉంది, కంచె లేదు.

కాగితం ఎలా పెరుగుతుంది

మా శాఖలో కాగితాలు ఎందుకు అన్ని ఉండేవని మా మనవడు ఒకసారి అడిగాడు. ఏ కాగితమూ కారణం లేకుండా పుట్టలేదు నాయనా అని చెప్పాను. 1878 నాటి సముద్ర కస్టమ్స్ చట్టం స్థానంలో 1962 చట్టం వచ్చింది. దానికి పక్కన 1947 నాటి దిగుమతి ఎగుమతుల నియంత్రణ చట్టం ఉండనే ఉంది. దేశంలో విదేశీ మారకం కరువు. కాబట్టి లైసెన్సు కావాలి. డాలర్లు బయటే ఉండిపోకుండా రిజర్వు బ్యాంకుకి జి.ఆర్. ఫారం కావాలి. ఎక్సైజు సుంకం వాపసు కోసం ఇంకో ఫారం. నాణ్యతకి ఒక సర్టిఫికెట్టు. ప్రతిదానికీ ఒక అవసరం, ప్రతిదానికీ ఒక శాఖ, ప్రతి శాఖకీ నాలుగేసి ప్రతులు. పెట్టిన కారణం పోయినా కాగితం పోదు. ఎందుకంటే కొత్త కాగితం పెట్టేవాడికి మంచి పేరు వస్తుంది. పాతది తీసేసినవాడు రేపేదైనా జరిగితే ఆడిట్‌కి సంజాయిషీ చెప్పుకోవాలి. మనందరం ప్రభుత్వంలో పనిచేసినవాళ్లమే, ఈ భయం మనకి కొత్త కాదు. ఆ రోజు నేను కుర్చీలోంచి లేవకపోవడానికి కూడా సగం కారణం అదే. వెనక్కి పంపినవాణ్ణి ఎవరూ ప్రశ్నించరు, ముందుకి పంపినవాణ్ణే ప్రశ్నిస్తారు.

1991లో మారకద్రవ్యం అడుగంటి దేశం ఇరుకున పడ్డాక గాని ఈ చిక్కుముడి విప్పడం మొదలు కాలేదు. ఆ జూలై బడ్జెట్‌లో సుంకం గరిష్ఠ రేటును 150 శాతానికి దించారంటే అంతకు ముందు ఎంత ఉండేదో ఊహించుకోండి. 2007–08 నాటికి వ్యవసాయేతర వస్తువుల మీద అది 10 శాతానికి దిగింది. 1947 నియంత్రణ చట్టం పోయి 1992లో విదేశీ వాణిజ్య చట్టం వచ్చింది. రేటు తగ్గితే దొంగలెక్క రాసేవాడికి లాభం తగ్గుతుంది. అప్పుడు ప్రతివాణ్ణీ దొంగలా చూడవలసిన అవసరమూ తగ్గుతుంది.

1995లో ఢిల్లీ ఎయిర్ కార్గోలో కంప్యూటరు మీద కాగితాలు నడిపే పద్ధతి ప్రయోగంగా మొదలుపెట్టారు. తరువాత ఒక్కొక్క రేవుకీ వచ్చింది. మా దగ్గరికి వచ్చిన రోజు చాలామందిమి అనుమానంగా చూశాం. ఆ మిషను ముందు వేళ్లు వణికినవాళ్లలో నేనూ ఒకణ్ణి. 2005 చివర్లో మరో మార్పు వచ్చింది. అప్పటిదాకా ప్రతి కాగితం ప్రతి బల్ల మీదా ఆగేది. ఇక నుంచి పాత చరిత్ర, సరుకు రకం, వచ్చిన దేశం వంటివి చూసి ఏది ఆపి పరీక్షించాలో, ఏది ఆపకుండా వదలాలో కంప్యూటరే చెబుతుంది. వదిలినదాన్ని తరువాత లెక్కల్లో ఆడిట్ చేస్తారు. 2011లో, నేను రిటైరైన ఏడే, సుంకం ఎంతో వర్తకుడే లెక్కగట్టి దాఖలు చేసే పద్ధతి చట్టంలోకి వచ్చింది. 2015లో ఎగుమతికైనా దిగుమతికైనా సాధారణంగా తప్పనిసరి పత్రాలు మూడేనని కేంద్రం ప్రకటించింది: రవాణా పత్రం, ఇన్వాయిస్‌తో కలిసిన ప్యాకింగ్ లిస్టు, షిప్పింగ్ బిల్లు లేదా బిల్ ఆఫ్ ఎంట్రీ. 2016 ఏప్రిల్ నుంచి ఆహార భద్రత, మొక్కల క్వారంటైన్, మందుల నియంత్రణ వంటి శాఖల అనుమతుల కోసం ఒకే కిటికీ పెట్టారు.

ఇన్వాయిస్, ప్యాకింగ్ లిస్టు ఒకే కాగితమైతే 36కీ 63కీ తేడా వచ్చే చోటే ఒకటి తగ్గింది కదా అని ఆ వార్త పేపర్లో చదివిన రోజు చాలాసేపు ఊరికే కూర్చున్నాను.

మనలాంటి దేశాలన్నిటి కథ

ఇది మన ఒక్కరి బాధ కాదు. పేద దేశాలకి కస్టమ్స్ రాబడి ముఖ్యం. ఆదాయపు పన్ను కట్టేవాళ్లు తక్కువ, కాబట్టి రేవు దగ్గర పట్టుకున్నదే ఖజానా. అందుకని కాపలా ఎక్కువ, కాగితాలు ఎక్కువ, వాటి పక్కనే చేతులు చాచేవాళ్లూ ఎక్కువ. 1981లో పశ్చిమాఫ్రికా దేశాల కూటమి కోరిక మీద ఐక్యరాజ్యసమితి వాణిజ్య విభాగం "అసికుడా" అనే కంప్యూటరు పద్ధతికి పునాది వేసింది. మొదట అది సరుకు లెక్కలు సరిగా రావడానికి అనుకున్నది. తరువాత సుంకాల పనికంతటికీ విస్తరించి సుమారు వంద దేశాలకు చేరింది. మన పొరుగున బంగ్లాదేశ్, నేపాల్, శ్రీలంక దాన్నే తీసుకున్నాయి. మనం సొంతంగా తయారుచేసుకున్నాం.

ఆఫ్రికాలో జాంబియా, జింబాబ్వేల మధ్య జాంబెజి నది మీద చిరుండు అనే వంతెన ఉంది. సముద్రం లేని జాంబియాకి దక్షిణాది రేవుల దారి అది. లారీ ముందు ఇటు ఒడ్డున ఆగి ఒక దేశం కాగితాలు, తరువాత అటు ఒడ్డున ఆగి రెండో దేశం కాగితాలు పూర్తిచేయాలి. రోజుల తరబడి వరుస. 2009 డిసెంబరులో రెండు దేశాల వాళ్లనీ ఒకే చోట కూర్చోబెట్టారు. ఇటు పోయే లారీలన్నీ ఇటు ఒడ్డున, అటు పోయేవన్నీ అటు ఒడ్డున ఒక్కసారే ఆగితే చాలు. ఆఫ్రికాలో అలాంటి మొదటి ఉమ్మడి సరిహద్దు కార్యాలయం అది. కొత్త వంతెన కట్టలేదు, బల్లలు దగ్గరికి జరిపారు.

మన విశాఖపట్నానికీ ఇలాంటి కథ ఒకటుంది. సముద్రం లేని నేపాల్‌కి సరుకు ఎన్నో ఏళ్లుగా కోల్‌కతా రేవు మీదుగానే వెళ్లేది. 2016లో రెండు దేశాల మధ్య ఒప్పందం కుదిరి విశాఖ కూడా నేపాల్‌కి రేవైంది. అక్కడ దిగిన పెట్టెకి ఎలక్ట్రానిక్ సీలు వేసి రైలెక్కిస్తే మళ్లీ బీర్‌గంజ్‌లో తెరవడమే. సీలు ఎక్కడుందో తెర మీద కనబడుతుంది. దారిలో ఎవడైనా విప్పితే తెలిసిపోతుంది. పరదేశపు సరుకుని మన నేల మీదుగా నమ్మకంగా సాగనంపడంలో ఈ తీరానికి మోటుపల్లి నాటి నుంచీ అలవాటుంది.

1973లో క్యోటోలో కస్టమ్స్ పద్ధతులని సరళం చేసి అన్ని దేశాల్లో ఒకే తీరుగా ఉంచాలని ఒక ఒడంబడిక రాశారు. దాన్ని 1999లో సవరించారు. కాని అందరినీ కట్టిపడేసింది ప్రపంచ వాణిజ్య సంస్థ చేసిన వాణిజ్య సౌలభ్య ఒప్పందం. 2013 డిసెంబరులో బాలిలో కుదిరింది. 2014 జూలైలో మన దేశం సంతకానికి అడ్డం చెప్పింది. రైతుల దగ్గర ధాన్యం కొని పేదలకిచ్చే మన నిల్వల విషయం తేలకుండా ఒప్పుకోమని అన్నాం. ఆ విషయంలో భరోసా దొరికాక నవంబరులో ముందుకు సాగింది. 2016 ఏప్రిల్లో మనం ఆమోదించాం. మూడింట రెండు వంతుల సభ్యదేశాల ఆమోదంతో 2017 ఫిబ్రవరి 22న అమల్లోకి వచ్చింది. పూర్తిగా అమలైతే వర్తకపు ఖర్చు సగటున 14.3 శాతం తగ్గవచ్చని 2015లో ఆ సంస్థ అంచనా వేసింది.

అందులో రెండు ఏర్పాట్లు నాకు నచ్చాయి. ఒకటి, పేద దేశాల మీద ఒకే గడువు రుద్దలేదు. వెంటనే చేయగలిగినవి ఏవి, కొంతకాలం కావలసినవి ఏవి, బయటి సాయం అందితే గాని చేయలేనివి ఏవి అని మూడు జాబితాలుగా ఎవరికి వారే రాసుకోవచ్చు. రెండోది, ఒప్పందంలో మొట్టమొదటి నిబంధనే ప్రకటన గురించి. రేట్లు, రుసుములు, కావలసిన పత్రాలు, జరిమానాలు, అప్పీలు చేసుకునే దారి, అన్నీ ప్రతి దేశమూ అందరికీ తెలిసేలా ప్రకటించాలి. అడిగినవాడికి జవాబు చెప్పే చోటు ఒకటి ఉండాలి.

చదివి కళ్లజోడు తీసి పక్కన పెట్టాను. 1244 నుంచి 2017. లెక్కకి 773 ఏళ్లు. స్తంభం మీద చెక్కించినదాన్నే జెనీవాలో మళ్లీ రాసుకున్నారు.

ఇంకా మిగిలింది

అంతా బాగుందని చెప్పి ముగిస్తే అది అబద్ధమవుతుంది. మన అడవుల్లోని ఎర్రచందనం ఇంకేదో సరుకు పేరుతో పెట్టెల్లో పోతూ పట్టుబడిన వార్తలు ఎన్నో చదివాం. ఆపకుండా వదలడం అంటే కళ్లు మూసుకోవడం కాదు. పట్టుకోవలసినవాణ్ణి పట్టుకోవడానికే మిగతావాళ్లని వదలాలి. ఇంకోటి, రాజకీయం తలుపు మూసేస్తే కాగితాలు ఎంత సరళమైనా పనికిరావు. 2012లో అట్టారీలో పాకిస్తాన్ సరిహద్దున పెద్ద సమగ్ర చెక్‌పోస్టు ప్రారంభించారు. 2019లో సుంకం 200 శాతం చేశాం, అటువాళ్లు వర్తకం ఆపేశారు. 2025 ఏప్రిల్లో ఆ చెక్‌పోస్టు మూయాలని మన ప్రభుత్వం నిర్ణయించింది.

తలుపు తెరిచి ఉంటే ఏం జరుగుతుందో కూడా చూశాం. 2020లో కరోనా వల్ల రోడ్డు మీద సరుకు కదలని రోజుల్లో గుంటూరు పక్క రెడ్డిపాలెం నుంచి ఎండుమిరపకాయలతో ఒక ప్రత్యేక పార్సిల్ రైలు బంగ్లాదేశ్‌లోని బెనాపోల్ దాకా వెళ్లింది. దేశం దాటిన మొదటి పార్సిల్ రైలు అదేనని రైల్వే ప్రకటించింది. లారీల్లో అయితే సరిహద్దు దగ్గర నిలబడి కాలయాపన కావలసిన సరుకు అది. పండించిన రైతుకి సరిహద్దు ఎక్కడుందో తెలియకపోవచ్చు, అక్కడ పోయిన రోజుల ఖరీదు మాత్రం చివరికి అతని ధరలోంచే తీస్తారు.

కంప్యూటరు గురించి మనకి తెలిసిన ఉదాహరణతో చెబుతాను. ఏటా నవంబరులో మనం బతికే ఉన్నామని చెప్పుకోవడానికి బ్యాంకు దగ్గర బారులు తీరేవాళ్లం. 2014 నవంబరులో జీవన ప్రమాణ్ వచ్చాక ఇంటి దగ్గర వేలిముద్ర వేస్తే సరిపోతోంది. మంచిదే. కాని మనలో కొందరికి వేళ్ల గీతలు అరిగిపోయి ముద్ర పడదు. మిషను "సరిపోలలేదు" అంటుంది. అప్పుడేం చేయాలో చెప్పే మనిషి ఎదురుగా ఉంటే అది సౌకర్యం, లేకపోతే అది కొత్త ఎర్రసిరా. సరిహద్దులోనూ అంతే. వేగం ఒక్కటే చాలదు. తప్పు జరిగినప్పుడు దిద్దుకునే దారి కూడా రేటు కనబడినంత స్పష్టంగా కనబడాలి.

ఆ పెద్దాయన ఇప్పుడు లేరు. నరసాపురం లేసుకి భౌగోళిక గుర్తింపు వచ్చిందని 2024లో పేపర్లో చదివాను. ఆ రోజు మా ఇంట్లో బల్ల మీద పరిచిన పాత లేసు గుడ్డని మా ఆవిడ మడత పెడుతూ "ఏమిటలా చూస్తున్నారు?" అంది. అంతకు ముందెప్పుడూ చెప్పని ఈ సంగతి ఆమెకి ఆనాడు చెప్పాను. విని, "నాలుగు అడుగులే కదండీ" అంది.

అవును, నాలుగు అడుగులే. మన పిల్లలు, మనవలు ఎవరైనా ఇవాళ అలాంటి బల్ల వెనక కూర్చుని ఉంటే, తెర ముందు కూర్చుని ఉన్నా సరే, ఈ ముసలి గుమాస్తా మాటగా ఒక్కటి చెప్పండి. కాగితం వెనక్కి ఇచ్చేటప్పుడు ముందుకి వచ్చే దారి కూడా దాని మీదే రాసి ఇమ్మనండి.